పోయినోళ్లంతా చచ్చినోళ్లు కాదు

జిరాక్సు మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాలకు కాలిన దుమ్ములాంటి వాసన ఉంటుంది. నిన్న మండలాఫీసులో ఓటర్ల ముసాయిదా జాబితాను వేడి వేడిగా నా చేతిలో పెట్టారు. ఆ వేడి అరచేతికి తగలగానే సుంకమ్మ గుర్తొచ్చింది. ఆమెకు చదువు రాదు. ఇలాంటి జాబితాలో ఒక్క పేరు కూడా ఆమె చదివి ఎరగదు. అయినా దీన్ని ఎలా చదవాలో నాకు నేర్పింది ఆమే.

సుంకమ్మ మా ఊరి తలారి. చాటింపు వేయడం, అధికారులొస్తే పొలాలూ ఇళ్లూ చూపించడం, ఎన్నికలప్పుడు బడిగదులు ఊడ్చి పెట్టెలు దించుకోవడం అన్నీ ఆమె పనే. భర్త చనిపోయాక ఆ పని ఆమెకొచ్చింది. నేను గుంటూరు జిల్లా నుంచి టీచరుద్యోగానికి అనంతపురం వచ్చిన కొత్తలో, మిగతా టీచర్లంతా తలో సాకు చెప్పి తప్పించుకున్న ఓటర్ల జాబితా పని నా నెత్తిన పడింది. ఇంటింటికీ తిరిగి ఎవరున్నారో, ఎవరు లేరో రాసుకోవాలి. తలారిని వెంట పెట్టుకుని వెళ్లమన్నారు. ఆ వారం సుంకమ్మ కూతురి కాన్పుకని వేరే ఊళ్లో ఉంది. నాలుగు రోజులు ఆగితే సరిపోయేది. చదువుకున్నదాన్ని, నాకు తలారి తోడెందుకని ఒక్కదాన్నే బయల్దేరాను.

ఊరికి ఎడంగా ఉన్న ఎస్సీ కాలనీలో సగం ఇళ్లకు తాళాలున్నాయి. అది వరసగా మూడో కరువేడు. వేరుశనగ ఊడలు దిగి కాయ కట్టకముందే మాడిపోయింది. మారెప్ప అనే అతని ఇంటి ముందు నిలబడి పక్కింటి ముసలామెను అడిగాను.

"ఆయప్ప పోయినాడమ్మా," అంది.

"ఎప్పుడు?"

"ఉగాది ముందర."

"భార్యో?"

"ఈరమ్మా? ఆయమ్మ గూడా పోయింది. ఇద్దురూ ఒగేసారి పోయినారు."

అయ్యో పాపం అనుకుంటూ రెండు పేర్ల పక్కనా మృతి అని రాశాను. అలా ఆ మధ్యాహ్నం కాలనీలో పదకొండు పేర్లు కొట్టేశాను. ఇంతమంది పోయిన ఊళ్లో ఒక్కరూ ఏడవడం లేదేమిటని నాకు అనుమానమైనా రాలేదు.

పోలింగు రోజు పొద్దున్నే మారెప్పా ఈరమ్మా వచ్చారు. బెంగుళూరులో బిల్డింగు పనిలో ఉన్నారట. బస్సులో నిలబడే వచ్చి, సోమందేపల్లె దగ్గర హైవే మీద దిగి, ఆటోలు మారి ఊరు చేరారు. మారెప్ప ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. బడిలోకి వెళ్లినవాడు వెంటనే బయటికొచ్చి, చీటీలు రాస్తున్న నా బల్ల ముందు నిలబడ్డాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అతను నవ్వుతున్నాడు.

"నేను చచ్చిపోయినానంట మేడం, లోపల సారు చెప్తాండాడు. ఎప్పుడు చచ్చినానో రవ్వంత జూసి చెప్పు."

పక్కనే ఉన్న సుంకమ్మ నావైపు తిరిగింది.

"ఎవురు చెప్పినారమ్మా నీకు?"

"పక్కింటావిడే చెప్పింది, పోయాడని."

"పోయినాడంటే పోయినాడనే కదమ్మా. పనికి పోయినాడా, కాటికి పోయినాడా అని అడగొద్దా?"

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. మా గుంటూరు వైపు మనుషులు ఊరికి వెళతారు, పనికి వెళతారు. పోయాడంటే ఇక లేడనే. ఈ సీమలో మనుషులు సంతకు పోతారు, పెళ్లికి పోతారు, బెంగుళూరుకూ పోతారు. ఇద్దరం మాట్లాడింది తెలుగే. "చిన్న పొరపాటైంది, మళ్లీ చేర్పిస్తాను," అన్నాను. మారెప్ప సరేనన్నట్టు తలూపి భార్యను తీసుకుని మళ్లీ హైవే దారి పట్టాడు. వేలిమీద సిరా చుక్కయినా లేకుండా వచ్చిన దారినే వెళ్లిపోయాడు. సుంకమ్మ మాత్రం నన్ను వదల్లేదు. పెట్టెలు వెళ్లిపోయాక బడి అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"చిన్న పొరపాటు అంటివే. మా అత్త కాలంలో మా కాలనీవోళ్లు ఈ బడి కాడికొస్తే, మీ ఓట్లు అయిపోయినాయి పోండని గేటు కాడ్నుంచే మళ్లగొట్టేవోళ్లు. మా ఆయన కాలంలో లోపలికి రానిచ్చినారు, పక్కన ఒగ మనిషిని నిలబెట్టి. నా కాలానికి ఓటు మిషనుకు అట్టముక్క అడ్డం పెట్టి, ఒక్కదానివే పోమ్మా అన్నారు. ఆడ నేను ఎవురికి నొక్కినానో నా కొడుక్కి గూడా తెల్దు. ఆ అట్ట ఎనకాలికి రానీకి మాకు మూడు తరాలు పట్టింది. నువ్వు ఒగ గీతతో తీసేస్తివి."

మా నియోజకవర్గం చరిత్ర నాకు మొదట తెలిసింది ఇలాగే. తర్వాత మిగతాదీ ఆమే చెప్పింది. రెండు కుటుంబాలు వంతులేసుకున్నట్టు గెలుస్తూ వచ్చాయి. ఒక కుటుంబంలో తాత చెరువుకు కాలువ నీళ్లు తెస్తానన్నాడు, కొడుకూ అదే అన్నాడు, మనవడూ అదే అన్నాడు. అవతలి కుటుంబంవాళ్లు, వీళ్లు తేలేదని తిట్టి, తాము తెస్తామన్నారు. చెరువుగట్టు మీద శిలాఫలకాలు మూడయ్యాయి గాని చెరువులో తుమ్మచెట్లు మాత్రం అలాగే పెరుగుతున్నాయి. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే. నీళ్లు తేనిది వాళ్లు. నీళ్లు లేక ఊరు విడిచింది కాలనీవాళ్లు. ఊళ్లో లేరు గనక పేరు తీసేయాలట. నీళ్లేవి అని నిలదీసే హక్కున్నవాడే జాబితాలో లేకుండా పోతే ఇక ఎవరికి భయం? ఎవరూ లంచం ఇవ్వకుండానే, ఎవరూ బెదిరించకుండానే ఆ పని నేనే చేసిపెట్టాను.

పేర్లు మళ్లీ చేర్చాలంటే సంతకాలకు వాళ్లు రావాలన్నాను. "చంపినోళ్లే పోయి బతికించుకోని రావల్ల," అంది సుంకమ్మ. ఒక ఆదివారం నన్ను బెంగుళూరు బస్సెక్కించింది. సగం లేచిన బిల్డింగుల మధ్య రేకుల షెడ్లలో మావాళ్లను ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నాం. మారెప్ప సిమెంటు చెయ్యి పంచకు తుడుచుకుని వేలిముద్ర వేశాడు. ఈరమ్మ మాకు టీ తెప్పించింది. నేను క్షమించమని అడిగితే, "ఉండనీలేమ్మా, నీకు మా మాట తెల్దు," అంది. నేను తల దించుకుని టీ తాగాను.

ఆ తర్వాత సుంకమ్మ లేకుండా నేను ఏ గడపా తొక్కలేదు. తాళం ఉన్న ఇంటి ముందు ఆగి తాళాన్ని వేలితో తడిమేది. "నూనె రాసి పోయినారు చూడు. మళ్లీ వచ్చేవోడే నూనె రాస్తాడు," అనేది. ఒకసారి ఆ రెండు కుటుంబాల్లో ఒక నాయకుడి మనిషి పేర్లు తీసేయమనే ఫారాలు కట్టగా తెచ్చి నా ముందు పడేశాడు. అన్నీ కాలనీ పేర్లే. కాలనీ ఓట్లు తమకు పడవని వాళ్ల లెక్క.

"ఊర్లో లేనోళ్లకు ఓటెందుకు మేడం?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే సుంకమ్మ అందుకుంది. "ఏమప్పా, మీ నాయకుడు యాడుంటాడు?"

"బెంగుళూరులో. అయితే?"

"మావోళ్లూ ఆడే ఉండారు. ఆయప్ప మేడ మీద ఉండాడు, మావోళ్లు ఆ మేడ కడ్తాండారు. ముందు ఆయప్ప పేరు తీసేపిచ్చు. మావోళ్లది తర్వాత మాట్లాడదాం."

అతను ఫారాలు ఏరుకుని వెళ్లిపోయాడు. ఆమె మీద తహసీల్దారుకు ఫిర్యాదులు వెళ్లాయి, రెండు నెలలు జీతం ఆగింది. ఆ ఆపినవాళ్లను నేను ఈనాటికీ క్షమించలేదు. ఆమె మాత్రం ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు.

మొన్న వేసవిలో ఆమె కోడలు ఫోన్ చేసి, "అత్త పోయిందమ్మా," అంది. ఇన్నేళ్ల అలవాటు, "యాడికి?" అనేశాను. అవతల ఏడుపు వినిపించింది. సుంకమ్మ పేరు తీసేసే ఫారం కూడా నేనే నింపాను. ఆ ఒక్క గడిలో మృతి అని రాయడానికి నాకు పొద్దంతా పట్టింది.

నిన్న మండలాఫీసులో కుర్ర అధికారి జాబితా చూపించి, కాలనీలో నలభై పేర్లు తీసేయమన్నాడు. "మూడుసార్లు వెళ్లినా తాళమే ఉందని మీరే రాశారు కదా మేడం. శాశ్వతంగా వెళ్లిపోయారని పెట్టేయండి," అంటూ ఫారాలు నా ముందుకు జరిపాడు. కారణం రాయడానికి గడులు మూడే ఉన్నాయి: మృతి, శాశ్వత వలస, రెండు చోట్ల పేరు. చెరువుకు నీళ్లిస్తామన్నవాళ్లు ఇవ్వనందుకు పోయారు అని రాయడానికి గడి లేదు. నేను మూడు గడులూ ఖాళీగా వదిలేసి పక్కన ఉన్న తెల్లజాగాలో రాశాను: పనికి పోయినారు, వస్తారు.

"పోయినారేంటి మేడం, ఆఫీసు కాగితం మీద? వెళ్లారు అని రాయండి."

"ఈడ పోయినారనే అంటారు సార్. అర్థం కాకపోతే అడగండి. నేను అడక్కుండా పదకొండు మందిని చంపాను."

నలభై ఫారాల మీదా అదే మాట రాసి, ఒక్కోదాని కింద సంతకం పెట్టి, ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. రేపు నాకు నోటీసు ఇస్తారట. ఇయ్యనీ.