పద్నాలుగో రోజు బరువు

ఏ.ఎన్.ఎం.గా ఉద్యోగంలో చేరిన పదకొండో ఏట, మామిడికాయలు దిగే కాలంలో, నన్ను వడమాలపేట మండలంలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి బదిలీ చేశారు. మా ఇల్లు తిరుపతిలో. పొద్దున పుత్తూరు బస్సెక్కి, రోడ్డు మీద దిగి, ఊళ్లోకి నడిచేదాన్ని. దారి పొడవునా కాయల ట్రాక్టర్లు. భుజాన వేసుకున్న సంచిలో రిజిస్టర్లతో పాటు పసిబిడ్డలను తూచే స్ప్రింగు త్రాసు ఉండేది. దాని కొక్కేనికి గుడ్డ ఊయల తగిలించి, బిడ్డను పడుకోబెట్టి పైకెత్తితే ముల్లు బరువు చూపిస్తుంది. ఆ సంచి బరువు ఇప్పటికీ నా కుడి భుజానికి గుర్తే.

కాన్పయి ఇంటికొచ్చిన తల్లీబిడ్డలను మొదటి ఆరు వారాల్లో మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఆపైన కూడా కొన్నిసార్లు చూసిరావాలన్నది నిబంధన. నా రిజిస్టర్లలో కొట్టివేతలు ఉండవని ఆఫీసులో పేరుండేది. ఆ పేరంటే నాకు ఇష్టమే.

రేవతికి అది తొలి కాన్పు. ఆమెకు తల్లి లేదు. అందుకని అత్త మునెమ్మే తన ఇంట్లో ఉంచుకుని పురుడు చూసింది. ఆడపిల్ల. నెలలు నిండే పుట్టింది కానీ బరువు రెండు కిలోల నాలుగు వందల గ్రాములే. ఏడో రోజుకు వంద గ్రాములు తగ్గింది. మొదట్లో కొంచెం తగ్గడం మామూలే కనుక నేను కంగారు పడలేదు. పాలిస్తున్నావా అని అడిగాను. ఇస్తా ఉండానని రేవతి తల వంచుకుని చెప్పింది. 'తల్లిపాలు ఇస్తోంది' అని రాసుకుని వచ్చేశాను.

పద్నాలుగో రోజుకు బిడ్డ పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. ముల్లు రెండు కిలోల రెండు వందల దగ్గర ఆగింది. గుడ్డ సరిచేసి మళ్లీ తూచాను. తేడా లేదు. అప్పుడు గూట్లో పాలసీసా, పక్కనే పాలపొడి డబ్బా కనిపించాయి. నాకు కోపం వచ్చింది. మునెమ్మను వరండాలో కూర్చోబెట్టి, డబ్బా పాలు పల్చగా కలిపితే బిడ్డకు చాలవని, సీసా శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయని చాలాసేపు చెప్పాను. ఆమె చివరిదాకా విని, గొంతు పెంచకుండా అన్నది:

"నువ్వు సెప్పేది నిజమే నర్సమ్మా. సీసా నేనే తెప్పిచ్చినాను. బిడ్డ ఆకలికి ఏడస్తా ఉంటే ఎట్లా సూస్తా కూసుండేది? నువ్వు వచ్చినప్పుడల్లా కాగితం సూస్తావు. పాప పాలు తాగేది ఒక్కనాడన్నా సూసినావా?"

చూడలేదు. లేచి లోపలికి వెళ్లాను.

బిడ్డకు పాలివ్వమంటే రేవతి కదల్లేదు. తలుపు దగ్గరగా వేసి, మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు మెల్లగా చెప్పింది.

"పాప నోరు పెడితే ప్రాణం పోతాది మేడం. పాలియ్యను గూడా సేతగాదా అంటారని ఎవురికీ సెప్పలేదు."

చనుమొనలు పగిలి ఉన్నాయి. ఒక రొమ్ము రాయిలా గట్టిపడింది. నచ్చజెప్పి నా ముందే పాలిప్పించాను. బిడ్డ మొన చివరను మాత్రమే పట్టుకుని చప్పరిస్తోంది. అలా పట్టుకుంటే తల్లికి నొప్పి, బిడ్డకు పాలు రావు. ఉన్న పాలు దిగక గడ్డకడుతున్నాయి. ఇదంతా వారం ముందే, ఒక పావుగంట కూర్చుని ఉంటే నాకు తెలిసేది.

అదృష్టవశాత్తు రేవతికి జ్వరం లేదు. ఆ పూటే ఇద్దరినీ ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరు గారు పరీక్షించి, బిడ్డ బరువు పెరగడానికి మూడు రోజులు గడువిచ్చారు. ఈలోగా బిడ్డ మందకొడిగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే తిరుపతికి పంపాలన్నారు.

ఆ మూడు రోజులూ ఉదయం మొదట వాళ్లింటికే వెళ్లాను. వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, గట్టిపడిన పాలను చేత్తో పిండడం నేర్పాను. ఆ పాలను ఉగ్గుగిన్నెతో పట్టించాం. బిడ్డ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టుకోవడం రేవతికి రెండో రోజుకు పట్టుబడింది. ఉగ్గుగిన్నెను ప్రతిసారీ మరిగే నీళ్లలో వేసి తీసింది మునెమ్మే. సీసాను ఆమే పారేసింది. మూడో రోజు నా ముందే కోడలితో అన్నది:

"నా పెద్దోడు పుట్టినప్పుడు నాకూ ఇట్లే అయినాది మ్మే. నేనూ ఎవురికీ సెప్పలా."

రేవతి ఆమె వైపు చూసిన చూపు నాకింకా కళ్ల ముందే ఉంది.

ఆ రోజు త్రాసు యాభై గ్రాములు ఎక్కువ చూపింది. డబ్బా పాలు పూర్తిగా ఆగాయి. ఆరు వారాలు నిండేసరికి పాప మూడు కిలోలు దాటింది.

తర్వాత నేను సూపర్‌వైజర్‌నై, చిత్తూరులో కొత్త ఏ.ఎన్.ఎం.లకు శిక్షణ ఇచ్చిన రోజుల్లో ఒకటే చెప్పేదాన్ని. పాలిస్తున్నావా అని తల్లిని అడిగితే ఇస్తున్నాననే అంటుంది. ఇవ్వమని చెప్పి పక్కన కూర్చోండి. బిడ్డ తనంతట తాను వదిలేదాకా లేవకండి. రిజిస్టరు ఆ తర్వాత తెరవవచ్చు.