గీత పడని బీగం

కరోనా తగ్గి అంగళ్ళు మళ్ళీ కుదురుకుంటున్న ఏడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో ఇనుప పెట్టెలూ బీగాలూ బాగుచేయడం నా పని. బీగం అంటే మా వైపు తాళం. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను గానీ, బీగం మీది గీతలు చదవడం చిన్నప్పుడే వచ్చింది.

అంగట్లో దొంగలు పడితే పోలీసుల కంటే ముందు నాకే కబురొచ్చేది. ఆ పెట్టెలకు ఉండేది లీవర్ లాక్, అంటే లోపల ఇత్తడి పలకలు వరసగా పేర్చిన బీగం. సొంత తాళంచెవితో తీస్తే పలకలు నున్నగా ఉంటాయి, కమ్మీ పెట్టి తిప్పితే గీరుకుపోతాయి. విప్పి చూసి “బయటోడి పని” అనేవాణ్ణి. ఆ మాటతో అంగట్లో పనిచేసేవాళ్ళకు ప్రాణం లేచొచ్చేది.

ఆ ఏడు ఒక పొద్దున సుబ్బరత్నం శెట్టి పిలిపించాడు. వెళ్తే ఇనుప పెట్టె భద్రంగానే ఉంది. బల్ల మీద ఫోను పెట్టాడు.

“మస్తానప్పా, సరుకుకని బ్యాంకులో పెట్టుకున్న దుడ్లన్నీ పాయ. ఇది చూసి ఎవురి పనో చెప్పు.”

“నేను బీగాలోణ్ణి శెట్టీ. దీనికి చెవి యాడ పెడ్తారు?”

“ఓటీపీనే చెవి.” ఓటీపీ అంటే డబ్బు కదిలేటప్పుడు ఫోనుకు వచ్చే అంకెలు, ఒక్కసారికే పనికొస్తాయి. “అది ఈ ఫోనుకే వచ్చింటాది. పగలంతా ఫోను ఉండేది ఈని చేతిలోనే.”

గోడకు ఆనుకుని నిలబడిన ఓబులేసును చూపించాడు. జమ్మలమడుగు పక్క గొర్రెలు మేపుకునే ఇంట్లో మొదట చదువుకున్నవాడు ఓబులేసే. అంగడి బిల్లులూ బ్యాంకు పనులూ అతనివే.

“మామా, నువ్వు చెప్తే శెట్టి ఇంటాడు. బయటోడి పనే అని చెప్పు మామా.”

ఫోను అటూ ఇటూ తిప్పాను. గీత లేదు, నొక్కు లేదు. ఉన్నదే చెప్పాను.

“నాకు తెలీదప్పా.”

అబద్ధం ఆడలేదు. ఆ అంగట్లో మాత్రం నా మాట ‘లోపలోడి పనే’ అన్నట్టు పడింది. “నీ నోట తెలీదనే మాట ఈ పొద్దే ఇంటాండా” అన్నాడు శెట్టి. ఓబులేసు చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వీధంతా “గొర్రెలు మేపేటోనికి గల్లా అప్పజెప్తే ఇంతే” అని నవ్వుకున్నారు.

శెట్టి సైబర్ కేసు పెట్టాడు. అది తేలడానికి నెలలు పట్టింది. ఆ పని చూసే కానిస్టేబులు విసుగ్గా చెప్పాడు: “ముందు దొంగలు ఫోన్ చేసి నంబరు అడిగేటోళ్ళు పెద్దాయనా. జనం చెప్పేది మానుకున్యారు. ఇప్పుడు అడగరు, ఫోన్లోనే దూరి చదువుకుంటాండారు. మేం ఒకటి నేర్చుకునే లోపల ఇంకోటి కనిపెడ్తారు. దుడ్లు ఏ రాష్ట్రానికి పోయినాయో ఎతికేదానికి ఈడ ఉండేది ఇద్దరం.”

దొంగ దూరింది పెండ్లిపత్రికలో. వాట్సాప్‌లో పత్రిక పేరుతో ఏపీకే ఫైలు వచ్చింది. నొక్కితే ఫోన్లో కాపురం పెట్టి, వచ్చిన మెసేజీలన్నీ దొంగకు చేరవేసే సరుకు అది. బంగారు అంగడివాళ్ళకు పెండ్లిపత్రిక అంటే గిరాకీ. తెరవకుండా ఎట్లా ఉంటారు? తెరిచింది శెట్టే, అంగడి మూసిన రోజు, తన ఇంట్లో కూర్చొని.

శెట్టి చెడ్డవాడు కాదు. నన్ను వెంటబెట్టుకొని పులివెందులకు పోయాడు. ఓబులేసు అక్కడ చీనీకాయల మండీలో లారీలకు బత్తాయిలు ఎత్తిస్తున్నాడు.

“తప్పయిపాయ ఓబులేసూ. రాప్పా, నీ కుర్చీ అట్లే ఉండాది.”

“వద్దులే శెట్టీ. ఈడ కాయ తక్కువైతే గంప తిరగేసి సూస్తారు, మనిషిని సూడరు.”

నా వైపు తిరిగి “టీ తాగుతావా మామా?” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఫోన్లకు గట్టి బీగాలు చేసే చదువుకున్నోళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారట. చేయనీ, మంచిదే. కానీ ఏ బీగమైనా ఒకరోజు ఓడిపోతుంది. ఆ రోజు దాని పక్కన ఎవడో ఒక ఓబులేసు నిలబడి ఉంటాడు, మన నోటివైపు చూస్తూ. గీత కనపడని కాలంలో మన మాటే అతనికి దిక్కు. “నాకు తెలీదు, కాబట్టి ఇతన్ని అనేదానికి లేదు శెట్టీ” అని ఉంటే సరిపోయేది. మొదటి సగం చెప్పి ఊరుకున్నాను.