తలల లెక్క నమ్మిన ఓబళప్ప గారు

ఓబళప్ప గారు ఇక లేరన్న మాట నాకు అనంతపురం కోర్టు వరండాలో వినిపించింది. చెప్పిన గుమాస్తాను కసురుకున్నాను. నిన్నగాక మొన్న నాతో గొంతు చించుకుని వాదించి, "ఇంగా తేలలేదప్పా, ఆదివారం రా" అన్న మనిషి ఆదివారం రాకముందే వెళ్ళిపోవడమేమిటి? ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఈ నాలుగు మాటలూ లేచి తిరుగుతూ, మళ్ళీ వచ్చి కూర్చుంటూ రాస్తున్నాను.

ఆయన మా ప్రాంతపు మాజీ శాసనసభ్యులు. న్యాయవాద వృత్తిలో నాకు గురువులు. ముక్కుసూటి మనిషి, నిరాడంబరుడు అని సంతాపసభల్లో అందరూ అంటారు, అననివ్వండి. నాకు తెలిసిన ఓబళప్ప గారు ఒక ప్రశ్నను పట్టుకుంటే దాన్నీ వదిలేవారు కారు, ఎదుటివాణ్ణీ వదిలేవారు కారు. ఆయన్ను చివరిదాకా పీడించిన ప్రశ్న ఒక్కటే: రాష్ట్రపతిని ఎన్నుకునే హక్కు ఎవరిది?

రాజ్యాంగ రచనా కాలంలోనే పెద్దలు ఈ విషయమై తర్జనభర్జన పడ్డారు. ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నారు కొందరు. అసలు అధికారం మంత్రివర్గానిదైనప్పుడు, దేశమంతటి చేతా ఓటు వేయించి రాష్ట్రపతిని ప్రధానికి పోటీగా నిలబెట్టడమెందుకన్నారు మరికొందరు. చివరకు పార్లమెంటు సభ్యులూ, రాష్ట్రాల శాసనసభ్యులూ కలిసి ఎన్నుకునే పరోక్ష పద్ధతి స్థిరపడింది. శాసనసభ్యుడి ఓటుకు విలువ కట్టేది ఆ రాష్ట్ర జనాభాను బట్టి. ఓబళప్ప గారి చూపు అక్కడే ఆగిపోయింది. "ఉయ్యాల్లో బిడ్డను గూడా లెక్కబెట్టి నా ఓటుకు బరువిచ్చినారు. బరువు వాళ్లది, ఓటు నాదా? అదెట్లప్పా?" అనేవారు. ప్రత్యక్ష ఎన్నిక కావాలని ఆయన ఏనాడూ కోరలేదు. ప్రతి శాసనసభ్యుడూ ముందుగా తన జనాన్ని అడిగి, వారి మాట ప్రకారమే ఓటు వేసేలా చట్టం రావాలన్నారు. చట్టం వచ్చేదాకా ఆగే ఓపిక మాత్రం ఆయనకు లేకపోయింది.

ఆయన శాసనసభ్యులుగా ఉండగా రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని శింగనమల చెరువు దిక్కు పల్లెలకు బయలుదేరారు. ప్రతి ఊళ్ళో అభ్యర్థికొక కొత్త కుండ పెట్టించారు. అప్పటి సాధారణ ఎన్నికల్లో అభ్యర్థికొక ఓటు పెట్టె చూసి ఉన్న జనానికి ఆ పద్ధతి తెలిసిందే. ఊళ్ళో తలలన్నీ లెక్కబెట్టే తన ఓటుకు విలువ కట్టారని ఆయన ముందుగా జనానికి చెప్పేవారు. మనిషికొక వేరుశెనగ కాయ, నచ్చినాయన కుండలో వేయాలి. ఏ కుండ ఎవరిదో చెప్పడమూ, ఏ కుండ దగ్గరికి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడమూ నా పని. అది కరువు ఏడు. ఎన్నో ఇళ్ళలో మగవాళ్ళు కూలికని బెంగళూరు వెళ్ళిపోయారు. కరువు పనులు పెట్టిస్తామని చెప్పి పెట్టించలేదని, అధికారంలో ఉన్న ఓబళప్ప గారి పార్టీ మీద ఆ ఇళ్ళవారికి కోపం.

మొదటి ఊళ్ళోనే లక్ష్మక్క అనే ఇల్లాలు పార్టీవాడు కాని అభ్యర్థి కుండలో గుప్పెడు కాయలు పోసింది.

"ఏమక్కా, మనిషికి ఒకటే" అన్నాను.

"తలలన్నీ లెక్కబెట్టినారని ఆ సామే చెప్పె గదప్పా. నా మొగుడు బెంగళూరికి పోయినాడు, బిడ్లు ఇంట్లో ఉండారు. వాళ్ల కాయలు ఎవురు వేయల్ల?"

నేను అడ్డుపడబోతే ఓబళప్ప గారు వద్దని చెయ్యి ఊపారు. లక్ష్మక్క వెనకాల ఉన్నవారంతా ఆ లెక్కనే పాటించారు. కబురు మాకంటే ముందే పక్క ఊళ్ళకు చేరింది. కూలికి పోయినవారి ఇళ్ళ నుంచి ఒక్కొక్కరే వచ్చి, ఇంటిల్లిపాది కాయలూ రెండో ఆయన కుండలో పోశారు. తీరా చూస్తే, వచ్చిన మనుషుల లెక్కలో పార్టీ అభ్యర్థి గెలిచాడు, కాయల లెక్కలో రెండో ఆయన గెలిచాడు.

బస్సు కోసం నిలబడినప్పుడు నేను పోట్లాటకు దిగాను. "ఇది ఓటు కాదు సార్, పొరపాటు. మనుషుల లెక్కే చెప్పండి. పార్టీని కాదంటే మీ టికెట్టు పోతాది."

"ఢిల్లీవాళ్లు తలలు లెక్కబెడితే రాజ్యాంగం, లక్ష్మక్క లెక్కబెడితే పొరపాటా? టికెట్టు పోతే పోనీలేప్పా. కోర్టుకొచ్చి మళ్లా నీ పక్కన కూర్చుంటా."

రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యం. ఎవరికి వేశారో చెప్పకుండా ఊరుకుంటే సరిపోయేది. ఆయన హైదరాబాదులో కాయల లెక్క ప్రకారం ఓటు వేసి, బయటికి వచ్చి పార్టీ పెద్దలకు తానే చెప్పారు. "ఓటు నాదైతే గదా దాచుకునేది" అన్నారట. పార్టీ అభ్యర్థి సునాయాసంగా నెగ్గారు, ఈయన ఓటు వల్ల ఏమీ మారలేదు. మారింది ఈయన బతుకే. మొన్నటి సాధారణ ఎన్నికల్లో టికెట్టు దక్కలేదు. స్వతంత్రంగా నిలబడి ఓడిపోయారు. ఆ పల్లెలు కూడా ఆయనకు ఓట్లు వేయలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం చల్లగా, "నేను వాళ్లను అడిగింది రాష్ట్రపతి ఎవురు కావల్లని. నన్ను ఉంచుకోమని కాదు గదప్పా" అన్నారు.

ఆ లెక్క చట్టరీత్యా చెల్లదని ఈనాటికీ నా వాదన. ఆయన సరేనని ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. ఇప్పుడు నేను ఎంత గట్టిగా వాదించినా అవతలి నుంచి గద్దించే గొంతు లేదు. గెలిచినట్టు లేదు సరికదా, దిక్కు లేనివాణ్ణయినట్టుంది.

అంత్యక్రియలకు పల్లెల నుంచి జనం వచ్చారు. కొత్త శాసనసభ్యుడు పూలదండ వేసి జీపు ఎక్కబోతుంటే ఒక ముసలి రైతు అడ్డం వచ్చాడు.

"రాష్ట్రపతి ఓట్లు మళ్లా వస్తాండాయంట. మా ఊరికి ఎప్పుడొస్తావన్నా?"

"దేనికి పెద్దాయనా?"

"మమ్మల్ని అడిగేదానికి."

"అదంతా పార్టీ చూసుకుంటాది" అని ఆయన నవ్వి జీపెక్కారు.

ముసలాయన నా వైపు తిరిగాడు. "అయితే ఇంగ మమ్మల్ని ఎవురూ అడగరా?"

గురువుగారూ, మీ పాదాలకు నమస్కరించి చెబుతున్నాను. చెల్లదని మీతో ఇన్నేళ్ళు వాదించిన నోటితోనే, "మీ ఇంట్లో ఎన్ని తలలు పెద్దాయనా?" అని ఆ ముసలాయనను అడిగాను.