నా ఇంట్లో ఆ మాట అనకండి

నాకు మొదటి రెండు కడుపులూ నిలవలేదు. రెండుసార్లూ చర్చి వాళ్ళు వచ్చి, నా మంచం పక్కన చాపేసుకుని కూర్చుని ప్రార్థన చేసి, లేస్తూ లేస్తూ ఒకే మాట అన్నారు: అంతా దేవుని చిత్తం. అనేసి టీ తాగి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ కాలు కింద పెట్టొద్దంది. మల్కాపురంలో మా రెండు గదుల ఇంట్లో, మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ఊరంతా పరుగులు పెడుతుంటే నేను తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టుకుని, రిఫైనరీ వాసన పీలుస్తూ పడుకున్నాను. మా ఆయన పోర్టులో డ్యూటీకి పోతే నాకు దిక్కు మా అత్తే. ఆవిడకి అన్నం ఉడికినా దేవుని చిత్తమే, మాడినా దేవుని చిత్తమే. మాడ్చేది మాత్రం తనే. పక్కింటావిడ నా కోసం సింహాచలం అప్పన్నకి మొక్కుకుందని తెలిసి కూడా అత్త తెలియనట్టే ఊరుకుంది. అవసరం అలాంటిది మరి.

శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, వచ్చి కూర్చోగానే పడుకునే చెప్పేశాను. ప్రార్థన ఎంతసేపైనా చేసుకోండి గానీ నా ఇంట్లో దేవుని చిత్తం అనే మాట అనకండి, నాకు ఈ బిడ్డ కావాలి, అదే నా చిత్తం అన్నాను. అందరూ బిగుసుకుపోయారు. అత్త ముసుగు ముక్కు దాకా లాక్కుంది. అయ్యగారు మెత్తని మనిషి, అలాగేనమ్మా అన్నారు.

పాపం, ఆ మాట లేకపోతే తన ప్రార్థన ఆగదని ఆయనకీ తెలియదు. ఇన్నేళ్ళూ ఆ మాట అన్నాకే ఆయనకి ఆమేన్ వచ్చేది. ఇప్పుడు దాని దాకా రావడం, తడబడి పక్కకి తప్పుకోవడం, మళ్ళీ మొదలెట్టడం. నన్నూ నా కడుపునీ దేవుడికి అప్పగించారు. డాక్టరమ్మనీ నర్సులనీ అప్పగించారు. పోర్టునీ, ఓడలనీ, ఆఖరికి ఆటోనగర్ షెడ్లలో పనివాళ్ళనీ అప్పగించారు. ఆమేన్ మాత్రం రాదే! పొయ్యి మీద టీ మరిగి మరిగి కషాయమైంది. మాకు ఒక సౌకర్యం ఉంది, కళ్ళు మూసుకుంటే భక్తో నిద్రో ఎవరికీ తెలియదు. ఆవేళ మాత్రం ఎవరిదో గురక వినబడింది. కడుపు కదలకూడదని పెదవి కొరుక్కుంటూ నవ్వాను. చివరికి ఒక పెద్దావిడ జాలిపడి, తనే గట్టిగా ఆమేన్ అనేసింది.

మర్నాటి నుంచి అత్త కూడా ఆ మాట మానేసింది. నోటి దాకా వచ్చిందాన్ని మింగుతుంటే ఆవిడ మొహం చూడ్డం నాకు మహా సరదా. నవ్వడం అయ్యాక భయం భయంగానే ఉండేది. బిడ్డ కదిలితే భయం, కదలకపోతే మరీ భయం. నేను వదిలితే జారిపోతుందేమోనని రెండు చేతులూ ఎప్పుడూ కడుపు మీదే పెట్టుకుని ఉండేదాన్ని.

నెలలు నిండకుండానే ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పురిటి గది గుమ్మం దగ్గర నర్సు అత్తని ఆపేసింది. అత్త నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకుంది. అలవాటు కొద్దీ ఆ మాట దాకా వచ్చి ఠక్కున ఆగిపోయింది. కళ్ళు తెరిచి నావైపు చూసింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"సెప్పీమంతావేటే?" అంది.

అంతకుముందు అందరూ నాకు చెప్పి వెళ్ళినవాళ్ళే. అడిగిన మనిషి ఈవిడ ఒక్కతే.

"సెప్పీ అత్తా. నాను పట్టుకోనేకపోతన్నాను," అన్నాను.

ఆవిడ చెప్పింది. కడుపు మీంచి నా చేతులు వాటంతటవే జారిపోయాయి. నర్సు నన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపేసింది.

పాప పుట్టింది, పిడికెడంత. కాసేపు ఏడవలేదు. తర్వాత ఏడ్చింది. ఇప్పుడు దానికి నాకంటే పెద్ద నోరు. ఆ ఏడుపు వినబడకపోయి ఉంటే నేనేమనేదాన్నో, అయ్యగారిని మళ్ళీ గడప తొక్కనిచ్చేదాన్నో లేదో నాకు తెలియదు. దేవుడికి తెలుసు. అందుకే కాబోలు, బిడ్డ ఏడవక ముందే ఆ మాటకి నన్ను ఒప్పించుకున్నాడు.