మాటల్లేని టీ పూట

ఒకప్పుడు మాత్సుయె ఊళ్లో ఇసోకో గొంతు ఎరగనివాళ్లు లేరు. యాత్రికుల బస్సులో ఆమె గైడు. డ్రైవరు పక్కన నిలబడి, మైకు పట్టుకుని, కోట గురించీ సరస్సు గురించీ గలగలా చెబుతూ, బస్సు వంతెన ఎక్కగానే ఓ పాట అందుకునేది. ఆ పాట కోసమే మళ్లీ అదే బస్సు ఎక్కినవాళ్లు ఉన్నారు.

నలభై దాటాక గొంతులో కంతి లేచింది. ఆపరేషన్ ప్రాణాన్ని నిలబెట్టింది గానీ స్వరాన్ని పట్టుకుపోయింది. మిగిలింది బొంగురు గుసగుస. అదీ నాలుగు మాటలకే అలిసిపోయేది.

ఇంట్లో ఖాళీగా కూర్చోలేక పక్కవీధిలోని గురువమ్మ దగ్గర టీ కలిపే విద్యలో చేరింది. అక్కడ మాట్లాడాల్సిన పని తక్కువని ఎవరో చెప్పారు, అంతే. ఆ ఊళ్లో టీ కొత్తేం కాదు. మధ్యాహ్నం మూడయితే చేపలమ్మేవాళ్ల ఇంట్లోనూ ఆకుపచ్చ టీపొడి నురగ తేలుతుంది. కానీ గిన్నె తుడవడానికో పద్ధతి, గరిట పట్టడానికో పద్ధతి ఉన్న ఆ విద్య ఒంటబట్టడానికి ఏళ్లు పట్టింది. గురువమ్మ కన్నుమూసేముందు తన తోటలోని చిన్న టీ గదిని ఆమెకే అప్పగించింది.

విదేశీ యాత్రికులు ఆ గదికి రావడం మొదలయ్యాక చిక్కొచ్చిపడింది. వాళ్లకు ఎవరో ఒకరు అన్నీ విడమరిచి చెప్పాలి. ఆ పనికి ఆమె ఆడబిడ్డ ముత్సుయో ముందుకొచ్చింది. ఒసాకా హోటల్లో పనిచేసి ఇంగ్లీషు ఒంటబట్టించుకున్న మనిషి, నోరు పెట్టుకుని బతికిన మనిషి.

"నువ్వు చేతులాడించు, నేను నోరాడిస్తా. ఇద్దరం కలిస్తే ఒక మనిషి," అంది మొదటిరోజే.

అలాగే సాగింది. ఇసోకో వెదురు కవ్వం తీస్తే ముత్సుయో ఆ వెదురు కథ చెప్పేది. గిన్నె తిప్పితే ఎందుకు తిప్పాలో చెప్పేది. మధ్యలో తన మొగుడి గురక మీద ఓ ఛలోక్తి విసిరేది. అతిథులు పగలబడి నవ్వేవాళ్లు, ఫోటోలు తీసుకునేవాళ్లు. ఇసోకో తలవంచుకుని తన పని చేసుకుపోయేది. తన మౌనాన్ని వదిన మాటలు కప్పిపెడుతున్నాయని, లేకపోతే వీళ్లు ఎలా భరిస్తారని ఆమెకు లోపల ఉండేది. బస్సులో తను ఆగిన మరుక్షణం జనం కునుకు తీయడం ఆమె కళ్లారా చూసిందే.

మాఘమాసపు చలిలో ఒక ఉదయం మంచు విపరీతంగా కురిసింది. ముత్సుయో ఫోన్ చేసింది.

"ఇసోకో, బస్సులు కదలడం లేదే. ఇవాళ్టికి వద్దని చెప్పి పంపించెయ్."

"వచ్చేశారు వదినా," అంది ఇసోకో. అరుగు మీద అయిదారుగురు బూట్లు విప్పుతూ మంచు దులుపుకుంటున్నారు. ఇంత దూరం నడిచొచ్చిన మనుషుల్ని వెనక్కి పంపడానికి మనసు రాలేదు. తలుపు జరిపి, గొంతు మీద చెయ్యి వేసుకుని, తల అడ్డంగా ఊపి, నవ్వి లోపలికి రమ్మంది.

వాళ్లు దాన్ని నియమం అనుకున్నారు. ఇక్కడ మాట్లాడకూడదు కాబోలనుకుని మునివేళ్ల మీద నడిచి వచ్చి, ఆమెలాగే మోకాళ్లు మడిచి కూర్చున్నారు. ఆమె వంగితే వంగారు. మిఠాయి పెడితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె ఒకటి తీసి తిని చూపించాక తిన్నారు. పైకి తీసిన ఫోను ఒకటి మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

ఇనప కాగులో నీళ్లు సన్నగా రొద పెడుతున్నాయి. ఇసోకోకు ఆ రొద ఇన్నాళ్లూ సరిగ్గా వినపడనేలేదు. కవ్వం గిన్నెలో తిరుగుతున్న చప్పుడు, బయట కొమ్మ మీంచి మంచు జారిన చప్పుడు, అన్నీ వేటికవి వినిపిస్తున్నాయి. బొద్దుగా ఉన్న ఒకాయన గిన్నె అందుకోబోయి, కాళ్లు తిమ్మిరెక్కి, మూటలా పక్కకు ఒరిగిపోయాడు. ఇసోకోకు నవ్వాగలేదు. గొంతులేని నవ్వు కదా, భుజాలు మాత్రం ఎగిరాయి. అది చూసి మిగతావాళ్లు నోటికి చేతులడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. పడినాయన పడినచోటే నవ్వాడు.

టీ అయిపోయింది. ఆమె గిన్నెలు కడిగి సర్దింది. ఎవరూ లేవలేదు. కాగు చల్లారేదాకా అలాగే కూర్చుని, వంగి దండం పెట్టి వెళ్లారు. గేటు దాటాక ఒక్కసారిగా వాళ్ల మాటలు గుప్పుమన్నాయి. తలుపు వెనక నిలబడ్డ ఇసోకో ఆ గోల సద్దుమణిగేదాకా కదల్లేదు. తన మౌనాన్ని వాళ్లు భరించాల్సిన పనే పడలేదు. అందులో హాయిగా కూర్చున్నారు. కళ్లు తుడుచుకుని పొయ్యిలో బూడిద సర్దింది.

వాళ్లు దిగిన సత్రంలో ఈ మాట పాకింది. ఆ మాటల్లేని టీ కావాలంటూ కొత్తవాళ్లు అడగసాగారు. ముత్సుయో చెవినా పడింది.

"అయితే నా నోరు అడ్డమన్నమాట ఇన్నాళ్లూ," అంది మూతి ముడుచుకుని.

"అలా అన్నానా వదినా?"

"నువ్వేం అంటావులే. అనడానికి నీకు గొంతేదీ?"

అనేశాక తనే బిత్తరపోయింది. ఆ మాట వెనక్కి రాదు. మర్నాడు ముత్సుయో రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

ఇసోకో చూసి చూసి, సరస్సు నత్తగుల్లల పులుసు డబ్బాలో పోసుకుని వదినగారింటికి బస్సెక్కింది. ముత్సుయో తలుపు తీసి, ఏమనాలో తెలియక అలాగే నిలబడింది. వదిన నోట మాట రాకపోవడం ఇసోకో చూడటం అదే మొదలు.

"మాటలు కావాలన్నవాళ్లను పొద్దున రమ్మందాం," అంది ఇసోకో, ఊపిరి కూడదీసుకుంటూ. "అక్కర్లేదన్నవాళ్లను మధ్యాహ్నం. నాకు రెండూ కావాలి."

"ఇంత పొడుగ్గా మాట్లాడకే, గొంతు నొప్పెడుతుంది," అంటూ ముత్సుయో డబ్బా అందుకుంది. "లోపలికి రా. ఆ రోజు నా నోటికి తాళం పడి ఉండాల్సింది."

అప్పట్నుంచి ఉదయం మాటల టీ, మధ్యాహ్నం మౌనం టీ. చలి తగ్గాక ఒక మధ్యాహ్నం ముత్సుయో అతిథుల వరసలో చివర వచ్చి కూర్చుంది. పెదవులు బిగబట్టుకుని మొదటినుంచి చివరిదాకా నెట్టుకొచ్చింది. అందరూ వెళ్లాక ఇసోకో ఎలా ఉందన్నట్టు కళ్లెగరేసింది.

"ఇన్నేళ్లకు మొదటిసారి నువ్వు కలిపిన టీ రుచి తెలిసింది," అంది ముత్సుయో. "మోకాళ్ల నొప్పీ తెలిసిందనుకో."

కాళ్లు చాపుకుని, గిన్నె ముందుకు తోసి, ఇంకొంచెం పొయ్యమంది.