ఓనరమ్మ అప్పగింతలు

హెబ్బగోడిలో నేను అద్దెకున్న గది ఓనరమ్మ చేసే నిప్పట్లు మన చెక్కల్లాంటివే, కానీ రాయిలా ఉండేవి. రూట్ కెనాల్ అయ్యి పంటికి క్యాపు తొడిగించుకుని వచ్చిన సాయంత్రం, ఆవిడ నా వాటా చిన్న రోట్లో దంచి, చెంచా వేసి ఇచ్చింది. గట్టివి కొరకొద్దని డాక్టరు ఒక్కసారే చెప్పాడు. ఆవిడ మాత్రం నేను ఏం తినబోయినా తన ఎడమ చెంప తట్టుకుని, "ఆ పక్క నమలద్దప్పా, క్యాపు ఉండాది" అనేది. నాకు విసుగొచ్చేది. అయినా కుడివైపే నమిలేవాణ్ణి.

పెళ్లయ్యాక గది ఖాళీ చేస్తున్న రోజు, ఆవిడ ఆ రోలు తెచ్చి మా ఆవిడ చేతుల్లో పెట్టింది.

"ఎడమపక్క పన్ను జాగ్రత్తమ్మా. నిప్పట్లు దంచే పెట్టు" అంటూ కళ్లు తుడుచుకుంది.

పెళ్లిలో అప్పగింతలప్పుడు మా ఆవిడ ఏడుస్తుంటే నేను బింకంగా నిలబడ్డాను. ఇక్కడ నా వల్ల కాలేదు.