ప్రభావతి ఆంటీ కలిపేసిన కొంగ రెక్క

లీడ్స్‌లో ప్రభావతి ఆంటీ గీసిన కొంగను చూసి కాలువలోని చేపలన్నీ ఊరు ఖాళీ చేసి బర్మింగ్‌హామ్ వెళ్లిపోయాయి. నమ్మనివాళ్లు వెళ్లి గాలం వేసి చూసుకోవచ్చు.

ఆంటీ ఆసుపత్రి లాండ్రీలో చేసి రిటైరైంది. ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు తుప్పు పడతాయని, లైబ్రరీలో ఒక జపాన్ పెద్దావిడ చెప్పే బొమ్మల క్లాసులో చేరింది. సిరాతో వేసి, గోడకు వేలాడదీసి, వద్దనుకున్నప్పుడు చాపలా చుట్టేసే పొడవాటి పటాలవి. పాతవాళ్ల పద్ధతి చూసి వేస్తే ఆ సంగతి పటం మీదే రాయడం అక్కడి మర్యాద. ఆంటీ కొంగను వేసి, కింద "పాతవాళ్ల తీరులో, ప్రభావతి" అని ముత్యాల్లాంటి తెలుగులో రాసింది.

తప్పు ఒక్కటే జరిగింది. పాత పటాల్లో రెక్క గీత చివర సిరా ఆరిపోయి, తెరిచే ఉండిపోతుంది. బుద్ధెరిగినప్పటి నుంచి ముగ్గులు పెట్టిన చెయ్యి కదా, గీతను అలా వదలలేకపోయింది. తిప్పి తెచ్చి మొదలుతో కలిపేసింది.

ఊళ్లో ఏటా జరిగే బొమ్మల ప్రదర్శనకు పటం ఇవ్వడానికి తీసుకెళ్తే, దాని కార్యదర్శి దొరసాని ఆ తెలుగు మాటకు అర్థం అడిగింది. విని, నకళ్లను ప్రదర్శనలోకి తీసుకోబోమని చెప్పింది. పై ఫ్లాట్ జయకృష్ణ సాఫ్ట్‌వేర్ బుర్ర వెంటనే పనిచేసింది.

"ఆంటీ, కింద రాసిన ఆ లైన్ కత్తిరించేద్దాం. కలిసిన రెక్క మీ సొంత స్టైల్ అందాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది నాయనా. మా అమ్మ ముగ్గే నేనూ వేశాను. కాపీ అని ఎవరూ వచ్చి వాకిలి తుడిచెయ్యలేదు. పటం వేలాడితే ఆ మాటతోనే వేలాడాలి."

ప్రదర్శన రోజున పటాన్ని ముందుగది కిటికీలో వీధివైపు తిప్పి వేలాడదీసింది. కింద ఆ మాటే ఇంగ్లీషులోనూ రాసి అంటించింది. ప్రదర్శన హాలుకు వెళ్లే దారి అదే. జనం ఆగారు. స్టాపు కాని చోట బస్సు ఆగింది. పావురాలు కొంగకు దారి వదిలి నడిచి రోడ్డు దాటాయి.

చివరికి కార్యదర్శే వచ్చి నిలబడింది. జయకృష్ణ ఆవిడకు చేపల సంగతి కూడా చెప్పేశాడు. రెక్క కలిసిన చోటును చూపిస్తూ, ఇంత సాహసం ఎవరూ చెయ్యలేదని, ఇది సొంత కళేనని, ఇప్పుడే హాల్లో పెడతామని అందావిడ. కింది మాట కనబడకుండా మాత్రం దాని మీద ఓ పట్టీ అంటిస్తారట. ఒప్పుకోమని జయకృష్ణ కళ్లతోనే బతిమాలాడు.

ఆంటీ గుమ్మంలోకి వచ్చింది. పటం కిటికీలోంచి కదలదని ఇంగ్లీషులో చెప్పేసి, జయకృష్ణ వైపు తిరిగి మిగతాది తెలుగులో అంది, ఆవిడకు నువ్వే చెప్పమని.

"సాహసమూ లేదు, సొంతమూ లేదు. అలవాటు కొద్దీ గీత కలిసిపోయింది. పాతవాళ్లని చూసి వేశాను, అదే రాశాను. చేపలు ఎక్కడికీ పోలేదు."